బోణీ వేళ

పక్క ఊరి బజారులో కిరాణా కొట్టు షావుకారిని ఎవరో పొద్దున్నే తల పగలగొట్టి చంపి, గల్లాపెట్టె దోచుకుపోయారు. నెలలు గడిచినా హంతకుడు దొరకలేదు. ఆ రోజుల్లోనే మాచర్ల బస్సులో పక్క సీటాయనకు నా సిద్ధాంతం వినిపించాను. మా ఊరి గ్రంథాలయంలో ఉన్న నేర పరిశోధన పుస్తకాలన్నీ చదివినవాణ్ని కదా.

“దెబ్బ తల వెనక తగిలింది. కొత్తోడికి ఎవరూ వీపు చూపించరు. తెలిసినోడే, గుమస్తానే చేసుంటాడు,” అన్నాను.

ఆయన కిటికీ వైపు నుంచి చూపు తిప్పలేదు. “ఆ షావుకారు బోణీ డబ్బులు కళ్లకద్దుకుని, వెనక్కి తిరిగి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకునేవాడు. ఎవరొచ్చినా అంతే.”

ఆ సంగతి పేపర్లో రాలేదు. నా సంచి ఒళ్లోకి లాక్కున్నాను. “మీకెట్టా తెలుసు?”

“ఆ గుమస్తాను నేనే,” అన్నాడు, నా సంచి వంక చూస్తూ. “ఆ పొద్దు జొరమొచ్చి కొట్టుకి పోలా. పోలీసోళ్లు వదిలేశారు గానీ, ఏ షావుకారూ పని ఇవ్వట్లా. ఈ మాట ఇంకెవరికన్నా చెప్పావా అబ్బాయ్?”

“లేదు,” అన్నాను.

ఆయన జ్వరం నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం అప్పటికి నెల రోజులుగా, గ్రంథాలయానికి పేపరు చదవడానికి వచ్చిన ప్రతి కొట్టు యజమానికీ గుమస్తానే హంతకుడని చెబుతూ ఉన్నాను.