రేపే బయలుదేరే దోన్ ఫెర్మిన్

ముందు చప్పుడు వినబడేది. దడ్, దడ్, దడ్. మెట్టుమెట్టుకీ ఒక దెబ్బ. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ దడ్, దడ్, దడ్, ఈసారి కొంచెం బొంగురు గొంతుతో. రెండో అంతస్తు నుంచి రెండు పెట్టెలు ఒకదాని తరవాత ఒకటి దిగుతున్నాయన్నమాట. వాటి వెనక మనిషి కనబడేలోగా నేను మెట్లు తుడిచే గుడ్డ పిండేసి, చేతులు కడుక్కుని, వాకిట్లో కుర్చీ కూడా వేసేదాన్ని. ఆయన ఎలాగూ కూర్చుంటాడు.

దోన్ ఫెర్మిన్ పదినెలల పాటు అందరిలాంటి మనిషే. జులై వచ్చిందంటే మాత్రం ఒకటే జబ్బు. సెలవులకి దక్షిణాన కాదిస్ వెళ్ళాలా, ఉత్తరాన సాన్ సెబాస్తియాన్ వెళ్ళాలా అన్నది ఆయనకి తేలదు. నాకు తెలిసి పదకొండేళ్ళుగా తేలలేదు.

గోధుమరంగు పెట్టె కాదిస్‌ది. అందులో గడ్డి టోపీ, పల్చటి చొక్కాలు, చెప్పులు. నల్ల పెట్టె సాన్ సెబాస్తియాన్‌ది. అందులో గొడుగు, ఉన్ని స్వెట్టరు, ఇంకో గొడుగు.

"రెండో గొడుగెందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"మొదటిది తడిసిపోతే?"

కూర్చున్నాక అటూ ఇటూ చూసి, గాలి వాసన చూసేవాడు. "హసింతా, ఖాయం చేసేశాను. కాదిస్. అక్కడి వెలుగు ఉప్పులాంటిది తెలుసా? తెల్లటి గోడలమీద పడి పొడిపొడిగా రాలుతుంది. వేయించిన చేపలు కాగితం పొట్లంలో పెట్టుకుని నడుస్తుంటే, ముక్కూ మొహం తెలియనివాడు కూడా ఒక జోకు చెప్పి మరీ దాటతాడు."

"శుభం. వెళ్ళిరండి."

"అదే సాన్ సెబాస్తియాన్‌లో అయితే ఎవరూ పలకరించరు. అదొక సుఖం కదూ? వాన సముద్రం మీద నడుచుకుంటూ వస్తుంది. మనం అరుగుమీద నిలబడి అది వచ్చేదాకా చూస్తాం. రాగానే గొడుగు విప్పుతాం."

"అయితే అక్కడికే వెళ్ళండి."

"మరి ఆ చేపలు?"

దడ్, దడ్, దడ్. రెండు పెట్టెలూ మళ్ళీ పైకి పోయేవి.

నలభై ఏళ్ళు ఆయనకి మా వీధి మలుపులోనే కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. అద్దం మార్చి మార్చి "ఇది బాగా కనబడుతోందా, అది బాగా కనబడుతోందా?" అని మాద్రిద్‌లో సగంమందిని అడిగాడు. ఎదురుగా బార్ నడిపే సతూర్ ఎప్పుడూ అంటుండేవాడు: "ఆ మనిషి అడగడంలోనే అరిగిపోయాడు. జవాబు చెప్పడానికి ఇంకేం మిగిలుంది?"

సతూర్ కాదిస్‌వాడు. మా మూడో అంతస్తులో ఉండే బడిపంతులమ్మ బెగోన్యా సాన్ సెబాస్తియాన్ మనిషి. దోన్ ఫెర్మిన్ బార్‌లోకి అడుగుపెడితే చాలు, ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకునేవాళ్ళు.

"మా ఊళ్ళో ఎండ ఊరికే వస్తుంది దోన్ ఫెర్మిన్!"

"ఊరికే వచ్చేదానికి విలువేముంది? మీ ఊరి గాలికి మనుషులకి మతి పోతుందంటారు."

"మీ ఊళ్ళో మతి ఉన్నా నాచు పడుతుంది తల్లీ!"

దోన్ ఫెర్మిన్ ఇద్దరి మాటలూ శ్రద్ధగా విని, ఇద్దరికీ తల ఊపి, కాఫీ తాగాలా వైన్ తాగాలా తేలక మంచినీళ్ళు తాగి వచ్చేసేవాడు.

నేను ఈ భవనం వాకిలి కాస్తాను. మెట్లు తుడవడం, ఉత్తరాలు పంచడం, ఎక్కేది ఎవరో దిగేది ఎవరో చెవితోనే చెప్పడం నా పని. ఆగస్టు ఒకటిన మా పేట పేటంతా తలుపులు బిగించుకుని సముద్రానికి పోతుంది. సతూర్ బార్ మూసేస్తాడు. రొట్టెలవాడు మూసేస్తాడు. నేనూ బస్సెక్కి పల్లెలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి పోతాను. సెప్టెంబరులో అందరం వేయించిన బాదం పప్పుల్లా తిరిగొచ్చేసరికి, దోన్ ఫెర్మిన్ గోధుమపిండిలా తెల్లగా ఎదురొచ్చేవాడు.

"ఏ ఊరు వెళ్ళారు?"

"దాదాపు తేల్చేశాను హసింతా. ఇంతలో నెల అయిపోయింది."

సముద్రానికి పోని మనిషి మా భవనంలో ఇంకొకరు ఉన్నారు. నాలుగో అంతస్తు దోన్యా రెమెదియోస్. ఎనభై ఆరేళ్ళు. ఒకప్పుడు టోపీలు కుట్టేది. మాకు లిఫ్టు లేదు, ఆవిడకి మోకాళ్ళు లేవు. కాబట్టి దిగడం మానేసింది. ఎవరైనా జాలి చూపిస్తే మాత్రం క్షమించదు. సతూర్ ఒకసారి పప్పు వండి పంపితే, ఆ గిన్నె అలాగే తిరిగొచ్చింది, మూతమీద చీటీతో: "నేనింకా పోలేదు. పోయాక పంపు." నగరసభ వాళ్ళు సాయానికి పంపిన అమ్మాయి మూడు మెట్లు ఒక్క గెంతులో దిగింది. వెనకాలే ఒక చెప్పు దిగింది.

కొన్నేళ్ళ కిందట ఒక ఆగస్టులో పక్కవీధి పెద్దాయన ఒకరు స్నానాలగదిలో జారిపడి, రెండు రోజులు పిలిచినా వినే దిక్కు లేకపోయింది. బతికాడు లెండి. కానీ అప్పట్నుంచీ బస్సెక్కినప్పుడల్లా నాకు దోన్యా రెమెదియోస్ గుర్తొచ్చి గుండె బరువెక్కేది. ఊరు దాటి ఎండిన గడ్డి వాసన తగిలేదాకా ఉండేది ఆ బరువు. తరవాత మరిచిపోయేదాన్ని. నిజం దాచడమెందుకు?

పోయిన జులైలో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. "ఆయనకి తేలకపోతే మనమే తేలుద్దాం. రెండు ఊళ్ళకీ టికెట్లు కొనేద్దాం. ఒకే రోజు, ఒకే వేళ. ఏదో ఒక రైలు ఎక్కక చస్తాడా?"

సతూర్ కౌంటర్ మీద గుద్ది "భేష్ హసింతా!" అన్నాడు. బెగోన్యా నన్ను ముద్దు పెట్టుకుంది. అందరం కలిసి కొన్నాం. టికెట్లు చేతిలో పెట్టగానే దోన్ ఫెర్మిన్ మొహంలో రంగు దిగిపోయింది. టికెట్ల వంక చూశాడు, నా వంక చూశాడు, తరవాత తలెత్తి మెట్లు పైకి మలుపు తిరిగే చోటు వంక చూశాడు.

"ఇంత దయ ఎందుకు హసింతా?" అన్నాడు.

ఆనందం పట్టలేకపోతున్నాడనుకున్నాను.

ఆగస్టు ఒకటి పొద్దున టాక్సీ వచ్చింది. అందరూ అప్పటికే వెళ్ళిపోయారు. నేనూ సంచీ సర్దుకుని వాకిట్లో నిలబడ్డాను, ఆయన్ని ఎక్కించి మరీ వెళ్దామని.

"ఏ స్టేషనండీ? అటోచానా, చమార్తినా?" అన్నాడు డ్రైవరు. కాదిస్ రైలు ఊరికి ఈ చివర, సాన్ సెబాస్తియాన్ రైలు ఆ చివర.

"నువ్వయితే ఏది ఎక్కుతావు నాయనా?"

"నేనైతే ఇంటికెళ్ళి పడుకుంటాను. చెప్పండి సార్, వెనక బస్సు హారన్ కొడుతోంది."

"ముందు తిన్నగా పోనియ్యి."

పోయారు. నేను మెట్లు ఆఖరిసారి తుడిచి వాకిలి తాళం వేయబోతున్నాను, ముప్పావుగంటకి అదే టాక్సీ అదే గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు దిగి తల పట్టుకున్నాడు.

"సిబేలెస్ చౌరస్తాలో పదిహేడు చుట్లు తిప్పించాడమ్మా! పైకి పోతే చమార్తిన్, కిందికి పోతే అటోచా. ఈయనేమో 'ఇంకొక్క చుట్టు నాయనా' అంటాడు. అక్కడ ఫౌంటెన్‌లో రాతి సింహాలున్నాయి చూడండి, వాటికి కూడా కళ్ళు తిరిగుంటాయి!"

"రెండు రైళ్ళూ వెళ్ళిపోయాయి హసింతా. పాపం," అన్నాడు దోన్ ఫెర్మిన్. ఆయన మొహంలో పాపం అన్నది ఎక్కడా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అందామని ఒక్కంగలో గుమ్మం దిగాను. ఎదురుగా డ్రైవరు దింపిన నల్ల పెట్టె ఉంది. నేను చూసుకోలేదు. రెండు గొడుగుల మీదుగా వెళ్ళి వీధిలో పడ్డాను. చీలమండ విరిగింది.

అలా జీవితంలో మొదటిసారి ఆగస్టులో మాద్రిద్‌లో ఉండిపోయాను, కాలికి కట్టుతో, వంటింటి కిటికీ పక్కన కుర్చీలో. మా భవనం మధ్యలో వెలుగు కోసం వదిలిన ఖాళీ ఒకటుంది, బావిలాగ. నాలుగు అంతస్తుల వంటిళ్ళూ దాంట్లోకే తెరుచుకుంటాయి. మామూలు రోజుల్లో అందులో గిన్నెలూ రేడియోలూ తగాదాలూ పొర్లుతుంటాయి. ఆగస్టులో ఒట్టి ఆకాశం ముక్క పైన మూతలా ఉంటుంది. ఎండకి గోడలు పగలే నిద్రపోతాయి. చిటికె వేస్తే నాలుగో అంతస్తుకి వినబడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం వినబడింది. దడ్, దడ్, దడ్. బరువైన చప్పుడు, కిందినుంచి పైకి. రెండో అంతస్తులో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మూడు దాటింది. నాలుగులో తలుపు తట్టిన చప్పుడు.

"ఎవరది?"

"నేనే దోన్యా రెమెదియోస్, ఫెర్మిన్‌ని. రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాను, చూడండి, పెట్టె కూడా సర్దేశాను. ఫ్రిజ్ ఖాళీ చెయ్యాలి. ఈ చల్లటి టమాటా చారు పారబొయ్యడానికి చెయ్యి రావడం లేదు."

"పారబోస్తావా? కళ్ళు పోతాయి! తే ఇటు!"

దోన్యా రెమెదియోస్ అంతర్యుద్ధం తరవాతి కరువులో పుట్టిపెరిగిన మనిషి. రొట్టెముక్క కింద పడితే తీసి ముద్దుపెట్టుకుని మరీ తింటుంది. జాలిని మెట్లమీదనుంచి తోసెయ్యగలదు గానీ, తిండి పారేస్తానంటే ఊరుకోలేదు.

"ఏ ఊరో తేలిందా?"

"మీరు చెబితే కదా తేలేది! నాకింకెవరున్నారు?"

"సరే కూర్చో. పోయినేడు కాదిస్‌లో ఎక్కడిదాకా చెప్పి ఆపావు?"

"సముద్రం పక్క గోడ దగ్గర."

"ఆఁ, గోడ దగ్గర. అక్కడ ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుంటారా?"

"గాలికి నిలవవండీ."

"అంటే కుట్టడం చేతకాలేదన్నమాట. నేను కుట్టింది ఎగరమను చూద్దాం!"

ఆవిడ నవ్వు బావిలోంచి చల్లగా కిందికి దిగింది.

మూడో రోజు కాల్చిన కోడి. "రేపు బయలుదేరుతున్నాను కదండీ." నాలుగో రోజు పెద్ద చేప. ఐదో రోజు ఆరు పీచు పండ్లు. ఆరో రోజు ఐసుగడ్డలు.

"ఐసు పాడైపోతుందా నాయనా?"

"కరిగిపోదూ, దోన్యా రెమెదియోస్?"

దోన్ ఫెర్మిన్ ఇల్లు తుడిచేది నేనే. ఆ ఫ్రిజ్ ఎంతో నాకు తెలుసు. రెండు గుడ్లు, సగం నిమ్మకాయ, అద్దాలు తుడిచే మందు సీసా. మూడో గుడ్డు పెడితే తలుపు పడదు.

ఆ సాయంత్రం ఆయన నాకూ ఒక గిన్నె తెచ్చాడు. "హసింతా, రేపు బయలుదేరుతున్నాను కదా, ఇది..."

"నాకు చెప్పకండి. చేప మీ ఫ్రిజ్‌లో నిలబడి నిద్రపోయిందా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "మెల్లగా, హసింతా. కిటికీ తెరిచుంది."

ఒక్కొక్క మాటే బయటికి లాగాను. పదకొండేళ్ళ కిందట నిజంగానే తేలలేదట. ఆగస్టు మూడోనాడు గోధుమరంగు పెట్టె పిడి ఊడితే, సూదీ దారం కోసం నాలుగో అంతస్తు ఎక్కాడు. ఆవిడ నానబెట్టిన ఎండు రొట్టె తింటోంది. పైకి తెచ్చిచ్చే రొట్టెలవాడు మూసేసి మూడు రోజులైంది. ఈయన కిందికొచ్చి, ఉన్నవన్నీ పెట్టెలో వేసుకుని మళ్ళీ ఎక్కి, ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నానన్నాడు.

"మరి జులై అంతా ఆ దిగడం, ఎక్కడం?"

"హఠాత్తుగా ఆగస్టులో తేలకపోతే ఆవిడ నమ్ముతుందా? ముందునుంచీ తేలకుండా ఉండాలి."

నేను కొనిపించిన రెండు టికెట్లు గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. "మరి సముద్రం మీద ఆశ లేదూ?"

"ఎందుకు లేదు? రోజూ గంటసేపు ఆవిడతో వెళ్ళొస్తున్నాను కదా."

అంతా బాగానే ఉంది. ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం మాత్రం పైన చెయ్యి బల్లమీద పడిన చప్పుడు.

"చాలు! సాన్ సెబాస్తియాన్. రేపే వెళ్ళు. నాకోసం ఒక గవ్వ తే."

బావిలో గాలి ఆగిపోయింది. దోన్ ఫెర్మిన్ పెట్టె తన గుమ్మంలో పడేసి దిగొచ్చాడు. గోధుమపిండి మొహం సున్నమైపోయింది.

"హసింతా, ఆవిడ తేల్చేసింది! ఇప్పుడేం చెయ్యను? వెళ్ళకపోతే తెలిసిపోతుంది. తెలిస్తే రేపట్నుంచి తలుపు తియ్యదు. ఇంకా పదకొండు రోజులుంది ఆగస్టు!"

నేను కాలు ఈడ్చుకుంటూ కిటికీలోంచి తల బయటపెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"దోన్యా రెమెదియోస్! సాన్ సెబాస్తియాన్‌లో రేపట్నుంచి తుపానట! రేడియోలో చెప్పారు!"

నా రేడియో పాడై ఏడాదైంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. రోజూ ఆవిడ రేడియోలో వార్తలు పెద్దగా పెట్టమని నేనే అడుగుతుంటాను.

మేమిద్దరం ఆకాశం ముక్క వంక చూస్తూ నిలబడ్డాం.

"అలాగా?" అంది దోన్యా రెమెదియోస్ చివరికి. "ఎంత తుపాను?"

"నెలాఖరుదాకా!"

"అయితే మళ్ళీ మొదట్నుంచీ చూడాలి. వాణ్ణి పైకి పంపు. వచ్చేటప్పుడు ఖర్బూజా తెమ్మను, అది కూడా పాడైపోతుందేమో. నీకూ ఒక ముక్క పంపుతాలే హసింతా, నీ రేడియోకి పెట్టు."

దోన్ ఫెర్మిన్ నా వంక చూశాడు. ఆవిడకి ఎంత తెలుసో, ఎప్పట్నుంచి తెలుసో ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. ఆయన ఎండలోకి పరిగెత్తి, ఎక్కడో తెరిచున్న ఒకే ఒక్క దుకాణం వెతుక్కుని, పసిబిడ్డంత ఖర్బూజాని గుండెకి హత్తుకుని తిరిగొచ్చాడు. తన ఇంటికెళ్ళి రెండు పెట్టెలూ దింపాడు. దడ్, దడ్, దడ్. నా ఎదురుగా పక్కపక్కన పెట్టి, మూతలు రెండూ తెరిచాడు. ఖర్బూజాని ఇటు చూపించాడు, అటు చూపించాడు. నుదుట చెమట పట్టింది. ఈసారి అది నటన కాదు.

"హసింతా," అన్నాడు, "నిజం చెప్పు. గోధుమరంగు దాంట్లో బాగుంటుందా, నల్ల దాంట్లో బాగుంటుందా?"