రాజ్యం గొంతు

రాజ్యం వాకిట్లో మాట్లాడితే మూడో వీధిలో వినపడేది. రావికమతం దగ్గర పల్లె వాళ్ళది. మొగుడు బంగార్రాజుకు ఎకరంన్నర చెరుకు ఉంది. ఆమె తెల్లవారకుండానే షేర్ ఆటో ఎక్కి చోడవరం పొలిమేరలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళి, అక్కడి హాస్టల్ మెస్‌లో వంట చేసేది. ఆటోలో ఆమె కబుర్లు లేకపోతే డ్రైవరు నిద్రపోతాడని నవ్వుకునేవాళ్ళు.

ఒక్కతే కూతురు, దేవిశ్రీ. విశాఖపట్నంలో ఎంటెక్ కంప్యూటర్స్ చదువుతోంది. పోయిన మే నెలలో రాజ్యం వంట చేసే కాలేజీలోనే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ మీద రెండు వారాల సమ్మర్ స్కూల్ పెట్టారు. ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అర్జీ పెట్టుకుంటే నలభై మందిని తీసుకున్నారు. అందులో దేవిశ్రీ ఒకతె. ఆ సంగతి రాజ్యం ఆటోలో ఎక్కిన ప్రతివాళ్ళకూ చెప్పింది.

సమ్మర్ స్కూల్ మొదలయ్యే ముందురోజు దేవిశ్రీ ఇంటికి వచ్చింది.

"అమ్మా, ఈ రెండు వారాలూ నువ్వు పనికి రాకు."

"రాకపోతే ఎలాగే? కాంట్రాక్టరు ఒప్పుకోడు. అయినా నా గుంట అక్కడ సదువుతంటే నా సేత్తో ఒండి పెట్టనేటి?"

దేవిశ్రీ గోరు కొరుక్కుంది. "అయితే నన్ను పలకరించకు. అక్కడ నీకు నాను తెల్దు, నాకు నువ్వు తెల్దు. అందరూ పెద్దోళ్ళ పిల్లలు. నా పరువు తియ్యకు."

కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న బంగార్రాజు విన్నాడు. "ఒసే, బుద్ధుందేటే నీకు?" అంటూ మీదికి వచ్చాడు. రాజ్యమే అడ్డం పడింది. "ఊరుకో. రెండు వారాలే కదా. నానేటి అరిగిపోతానా?"

మొదటిరోజు ఒక్కొక్కరూ లేచి తమ గురించి చెప్పుకున్నారు. దేవిశ్రీ వంతు వచ్చింది. "మాది చోడవరం టౌన్. నాన్న ఆఫీసులో చేస్తారు. అమ్మ టీచర్," అంది. మధ్యాహ్నం ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడితే రాజ్యం ఆమె ముఖం చూడకుండా అన్నం పెట్టింది. మరో గరిటె వెయ్యబోయి ఆగిపోయింది.

నాలుగోరోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవరో సణిగారు. "ఈ వంటావిడ చెయ్యి అంతే," అంది దేవిశ్రీ, అందరితోపాటు నవ్వుతూ. మూడు బారల దూరంలో రాజ్యం నీళ్ళ జగ్గులు నింపుతోంది. ఆ సాయంత్రం ఆమె కూరలో ఉప్పు వెయ్యడానికే భయపడి, తోటి వంటామె దేముడమ్మను వెయ్యమంది.

సమ్మర్ స్కూల్ నడిపే ప్రొఫెసర్ పేరు వేంకటరమణమూర్తి. ముగ్గురేసి జట్లు కట్టి తలా ఒక పని ఇచ్చాడు. దేవిశ్రీ జట్టులో హైదరాబాద్ నుంచి వచ్చిన సన్నీ, విశాఖ అమ్మాయి శ్రీదుర్గ ఉన్నారు. ఇక్కడి పల్లెవాళ్ళ మాట విని దాన్ని పుస్తకాల తెలుగులో రాసిపెట్టే ప్రోగ్రామ్ తయారుచెయ్యాలి. అందుకు ఇక్కడి గొంతు ఒకటి కావాలి.

"మెస్‌లో ఆంటీ ఉందిగా, లౌడ్‌స్పీకర్! పర్ఫెక్ట్," అన్నాడు సన్నీ.

దేవిశ్రీ వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

మూడు మధ్యాహ్నాలు, బియ్యం బస్తాల గదిలో రాజ్యాన్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. ఫోన్ పట్టుకున్నది దేవిశ్రీయే. "చెప్పండి," అంది తల్లితో. "అలాగే మేడమ్," అంది రాజ్యం. చెరుకు తోటలో పాము కరిచిన సంగతి చెప్పింది. గేదె ఈనలేక చచ్చిపోయిన సంగతి చెప్పింది. పసిగుంటకు మూర్ఛ వస్తే చెరుకు లారీ ఎక్కి, ఒళ్ళో పెట్టుకుని చోడవరం ఆస్పత్రికి పరుగెత్తిన సంగతి చెప్పింది. ఆ పసిగుంట ఫోన్ పట్టుకుని, తెర మీద శబ్దం గీత ఎంత ఎత్తు లేస్తోందో చూసుకుంటోంది.

మాటలకు అర్థాలు రాసేటప్పుడు శ్రీదుర్గ అడిగింది. "గుంట అంటే గొయ్యే కదా? నువ్వు ఇక్కడిదానివి, చెప్పు."

"మేం టౌన్‌వాళ్ళం. ఆ మాటలు నాకు తెలీవు," అంది దేవిశ్రీ. శ్రీదుర్గ 'గొయ్యి' అని రాసుకుంది.

చివరిరోజు సెమినార్ హాల్లో ప్రదర్శన. రాజ్యాన్ని వంటగది నుంచి పిలిచారు. ఆమె చేతులు చీరకు తుడుచుకుంటూ స్టేజీ ఎక్కింది. దేవిశ్రీ మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

"మీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పమ్మా," అన్నాడు ప్రొఫెసర్.

"మా ఆయన సెరుకేస్తాడు బాబూ. నాకు ఒక గుంట ఉంది."

వెనక తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: నాకు ఒక గొయ్యి ఉంది.

హాలంతా గొల్లుమంది. వెనక వరుస నుంచి ఎవరో "ఎంత లోతు ఆంటీ?" అని అరిచారు. రాజ్యం అయిదో తరగతి దాకా చదివింది. వెనక్కి తిరిగి, పెదాలు కదుపుతూ తెర మీద ఉన్నది చదువుకుంది.

ప్రొఫెసర్ కూడా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల," అని అందరికీ చెప్పి, ఆమెవైపు తిరిగాడు. "మీ అమ్మాయి ఏం చేస్తోందమ్మా?"

రాజ్యం కూతురివైపు చూసింది. దేవిశ్రీ మైకు పట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి చూస్తోంది. అంతమందీ జవాబు కోసం చూస్తున్నారు.

"నాకు గుంట నేదు బాబూ," అంది రాజ్యం. "ఏదోటి సెప్పమంటే సెప్పేను."

తెర మీద పడింది: నాకు గొయ్యి లేదు.

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. రాజ్యం అది ఆగేదాకా నిలబడి, పొయ్యి మీద సాంబారు ఉందని చెప్పి దిగిపోయింది. ఆ జట్టుకే మొదటి బహుమతి వచ్చింది. ఫోటోలో దేవిశ్రీ మధ్యలో ఉంది.

ఇంట్లో రాజ్యం బంగార్రాజుకు ఏమీ చెప్పలేదు. దేవిశ్రీయే వచ్చి, "అమ్మా, ఆ రోజు..." అని మొదలుపెడితే, "ఏ రోజు?" అని బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఆ ప్రాజెక్టు చూసి, దేవిశ్రీని బెంగళూరు కంపెనీ ఒకటి ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంది. ఆ గొంతువి మరో రెండువందల వాక్యాలు కావాలన్నారు. ఆగస్టులో ఆమె ఇంటికి వచ్చి తల్లి ముందు ఫోన్ పెట్టింది. "నీకు నచ్చినట్టు మాట్లాడమ్మా."

రాజ్యం గొంతు సవరించుకుంది. టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగా, ఒక్కో మాటా విడదీసి పలికింది. "నేను ఉదయం లేచాను. వంట చేశాను. మా ఊరిలో వర్షం కురిసింది."

"అలా కాదమ్మా. నీలాగ మాట్లాడు."

"ఇలాగే మాట్లాడతాను. తప్పులు రావు కదా."

కంపెనీ ఆ రికార్డింగులు పనికిరావంది. ఇంటర్న్‌షిప్ మాత్రం పోలేదు. దేవిశ్రీకి అక్కడే ఉద్యోగం ఖాయమైంది.

ఆటోలో రాజ్యం ఇప్పటికీ మునుపటిలాగే మాట్లాడుతుంది. దేముడమ్మతో కేకలేసి పోట్లాడుతుంది. ఆదివారం కూతురి ఫోన్ వస్తే మాత్రం మంచం మీద నిటారుగా కూర్చుంటుంది.

"బాగున్నారా? భోజనం చేశారా?" అని అడుగుతుంది.

"అమ్మా, నన్ను మీరు అనకే. తిట్టు, ఒసే అను," అని అవతల దేవిశ్రీ ఏడుస్తుంది.

"సంతోషం. మీ నాన్నగారికి ఇస్తున్నాను," అని రాజ్యం ఫోన్ బంగార్రాజు చేతికి ఇస్తుంది.