దసరా బొట్టు పెట్టుకున్న సైకిలు

ఆబిడ్స్‌లో సైకిలుకు స్టాండు వేసి పుస్తకాల దుకాణంలోకి వెళ్లాను. బయటికొచ్చేసరికి ఒక సేటు కారు వెనక్కి వస్తూ దాని మీదికెక్కింది. సేటు మర్యాదస్తుడే. కారుకు బీమా ఉందనీ, కంపెనీ మనిషి ఇంటికొచ్చి దెబ్బ చూసి డబ్బిప్పిస్తాడనీ చెప్పాడు.

నాయిన లోలోపల సంబరపడ్డాడు. నేను పంతులమ్మనై, నాంపల్లి నుంచి బషీర్‌బాగ్ బడికి సైకిలు తొక్కుకుంటూ పోవడం ఆయనకు మొదటి నుంచీ గిట్టదు. "కంపెనీవాళ్లు బాగు చేయిస్తే తొక్కు. లేకుంటే రిక్షాల పో, అత్తమ్మ తోడొస్తది," అన్నాడు. మా మేనత్త నోరు తెరిస్తే నా పెళ్లి మాటే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

కంపెనీ మనిషికన్నా ముందు దసరా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో కత్తిపీట నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ పూజే. "ఇరిగినదానికి బొట్టు పెడ్తరా ఏంది? ఏడాదంత ఇరుగుడే అయితది," అని అమ్మ నాకు చెప్పకుండా సైకిల్ని గల్లీ మిస్త్రీకి అప్పగించింది. అతను సుత్తితో బాది, పైకి కనిపించే వంకరలు తీసి, రంగు పూసి పంపాడు. అమ్మ దానికి కుంకుమ పెట్టి బంతిపూల దండ వేసింది.

మర్నాడే కంపెనీ మనిషి దిగాడు. కోస్తా ఆయన. సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేసి, "దెబ్బ ఎక్కడండీ?" అన్నాడు. మిస్త్రీ మరిచిపోయిన పగిలిన గంట ఒక్కటి దొరికింది. "సరే, గంట ఇప్పిస్తానండీ."

నాయిన ఊఁ అంటే నా పని రిక్షాపాలే. కానీ ఆయనది ఆబిడ్స్‌లో బట్టల దుకాణం. ఎదుటివాడు చెప్పిన మొదటి మాటకు తలూపడం ఆయన వల్ల కాదు.

"ఉత్త గంటనా? గట్లెట్ల సార్? మీరే జర ఎక్కి చూడున్రి."

ఆడపిల్ల సైకిలు, పైగా మెడలో దండ. ఆయన సిగ్గుపడుతూనే ఎక్కాడు. తిన్నగా పోదామనే చూశాడు పాపం. సైకిలు ఎడమకే లాగి, గల్లీలో దూదేకేవాళ్లు పోసుకున్న కుప్పలోకి దింపింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"దీన్ని మనుషులు తొక్కుతారా అండీ?" అన్నాడు, మీసంలో దూదితో.

"మా బిడ్డ తొక్కుతది," అన్నాడు నాయిన ఛాతీ విరుచుకుని. "బస్సుల నడుమకెల్లి బషీర్‌బాగ్ దాక పోతది. అంత ధైర్నం. దాని పానానికి గంట కడ్తరా? కొత్త ఫోర్కు, కొత్త చక్రం రాయున్రి. గంట ఎట్లా ఉండనే ఉంది."

ఆయన మీసం దులుపుకుని, మూడూ రాసుకుని వెళ్లాడు.

మేనత్త లోపలి నుంచి, "రిక్షా మాట్లాడాల్నా?" అని కేకేసింది. బేరం గెలిచి తానేం పోగొట్టుకున్నాడో నాయినకు అప్పుడు తెలిసొచ్చింది. నా వంక చూడకుండా సీటు మీది దూది దులిపాడు.

"ఒద్దు," అన్నాడు. తర్వాత నాతో మెల్లగా, "కొత్త గంట ఒచ్చినంక మన దుకాణం ముంగట జర గట్టిగ కొట్టు బిడ్డా. మంచిగ పోతున్నవని నాకు ఎర్కయితది."