స్టెల్లా మేడమ్ అనుమానం

మొన్న మారేడ్‌పల్లిలో మా సందు చివరి దుకాణం షట్టర్‌కు రంగు వేస్తుంటే థిన్నర్ వాసన ముక్కుకు తగిలింది. ల్యాబ్‌లో స్లైడ్ల తయారీకి వాడే జైలీన్ అనే ద్రవం వాసన కూడా ఇంచుమించు అంతే. వెంటనే స్టెల్లా మేడమ్ గుర్తొచ్చారు. వీపు వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నరాల ముక్కలను మైక్రోస్కోపు కింద పరీక్షించే పెద్ద డాక్టర్ ఆమె. నేను కొత్తగా చేరిన జూనియర్‌ని. మేడమ్‌ది గుంటూరు, మెత్తటి మాట, కానీ ఎవరి మాటా ఊరికే నమ్మేవారు కాదు. నేను చూసిన ప్రతి స్లైడునూ, నేను భోజనానికి వెళ్లగానే తీసి మళ్లీ చూసేవారు. నన్ను సాగనంపడానికి సాకు వెతుకుతున్నారేమోనని నాకు అనుమానం. తిరిగొచ్చాక స్లైడ్ల వరుస మారిందా అని నేనూ గమనిస్తూ ఉండేదాన్ని.

ఒకరోజు సైనిక్‌పురి నుంచి లలిత అనే డ్రిల్లు టీచర్ భర్తతో వచ్చింది. నెలల తరబడి పాదాలు తిమ్మిరి, నడిస్తే తూలడం. రక్తపరీక్షల్లో, స్కాన్‌లో ఏమీ తేలకపోవడంతో డాక్టర్లు చీలమండ దగ్గర చిన్న నరం ముక్క తీసి మా ల్యాబ్‌కు పంపారు.

"అన్నీ నార్మలే అన్నరు మేడం. డ్యూటీకి పోవుడు ఇష్టం లేక గిట్ల చేస్తుందేమో" అన్నాడు భర్త. లలిత నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆమె మీద నాకూ పూర్తిగా నమ్మకం కుదరలేదు. మేడమ్ మాత్రం భార్యాభర్తలిద్దరినీ ఒకే అనుమానంతో చూశారు.

స్లైడులో నరపోగులు చాలావరకు నిలిచే ఉన్నాయి. ఆ మాటే మేడమ్‌కు చెప్పాను.

"పోగులున్నాయి, సరే. వాటిని కనిపెట్టుకుని ఉండేవాటి సంగతేంటమ్మా?"

"గ్లియల్ కణాలా మేడమ్?"

"అవే. పోగు చుట్టూ పొర కట్టేది అవి, దానికి తిండి అందించేది అవి. అవి చేతులెత్తేస్తే పోగు ఎన్నాళ్లుంటుంది? పొర కనబడే రంగు వేసి తీసుకురా."

వేసి చూస్తే పొర పలచబడి ఉంది, కొన్నిచోట్ల అసలే లేదు. ఊడిన ప్రతిసారీ ఆ కణాలు మళ్లీ చుట్టడానికి తంటాలు పడ్డట్టు, పోగుల చుట్టూ ఉల్లిపొరల్లాంటి వలయాలు.

మేడమ్ లలిత భర్తను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. "మీ ఆవిడ నాటకమాడుతుందో లేదో నాకు తెలీదు బాబూ. ఈ కణాలకు మాత్రం నాటకం రాదు. ఇది జబ్బు, మందుంది. ఆలస్యం చేస్తే పోగులు కూడా పోతాయి."

అతను చాలాసేపు అందులోంచి కళ్లు తీయలేదు. "నేనే ఆమెను ఉత్తగనే పరేషాన్ చేసిన" అన్నాడు చివరికి.

మందు పనిచేసింది. కొన్ని నెలలకు లలిత మిఠాయి డబ్బాతో వచ్చింది. మేడమ్ డబ్బా పక్కన పెట్టి, "ముందు చెప్పులు విప్పు" అన్నారు. కళ్లు మూయించి, ఆమె కాలి బొటనవేలును పైకీ కిందికీ కదుపుతూ ఎటు కదిలిందో అడిగారు. లలిత తడబడకుండా చెప్పాకే మిఠాయి నోట్లో వేసుకున్నారు.

మేడమ్ ఇప్పుడు లేరు. నన్ను ఎప్పటికైనా నమ్మారో లేదో అడగలేకపోయాను. కానీ రిపోర్టులో 'అంతా సవ్యంగానే ఉంది' అని రాయబోయిన ప్రతిసారీ నా చెయ్యి ఆగుతుంది. స్లైడును మళ్లీ పెట్టి, ఈసారి నరపోగును వదిలేసి దాని చుట్టుపక్కల చూస్తాను.