పాపయ్య చెప్పని సైజు

పాపయ్య నోటి వెంట సైజు అంకె విన్న మనిషి బెంగళూరులో లేడు. ఆయన ఏ పూలు అమ్ముకునే మనిషో అయితే సర్దుకుపోవచ్చు. కానీ ఆయన నగర్తపేటలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టే టైలరు.

"నా సైజెంత వచ్చింది పాపయ్యా?" అని ఎవరైనా అడిగితే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఏముండాది తల్లీ, పోయినసారి మీద రవ్వంత" అంటాడు. రవ్వంత పెరిగిందో, రవ్వంత తగ్గిందో మాత్రం చెప్పడు. వినేవాళ్లు తమకు నచ్చిన రవ్వను ఏరుకుని సంతోషంగా మెట్లు దిగిపోతారు.

ఆ కొట్టుకు వచ్చేవాళ్లు రకరకాల భాషల వాళ్లు. పాపయ్య చదువు అంతంతమాత్రమే గానీ, చిన్నదీ పెద్దదీ అని చెప్పే మాటలంటే చెవి కోసుకుంటాడు. ఏ భాష మనిషి వచ్చినా టీ తెప్పించి, "మీ తట్టు ఇంత చిన్నది అనేదానికి ఏమంటారమ్మా?" అని మొదలుపెడతాడు. ఒక తమిళావిడ వేలి కొన చూపించి "ఇత్తునూండు" అంటే, ఆ రోజంతా మిషన్ తొక్కుతూ అదే జపం. దక్కనీ మాట్లాడే ముసలావిడ దగ్గర "ఇత్తా సా" పట్టాడు. మలయాళం నర్సు దగ్గరైతే ఒకేసారి రెండు దొరికాయి. కొంచెం అంటే ఇత్తిరి, బోలెడు అంటే ఒత్తిరి. "చూడమ్మా, మొదటి అక్షరం తప్ప అంతా ఒకటే! ఆ భాషలో సన్నమ్మాయీ లావమ్మాయీ అక్కాచెల్లెళ్లప్పా" అని మురిసిపోయాడు.

కన్నడం వాళ్ల "స్వల్ప" అంటే ఆయనకు భక్తే. "ఈ ఊర్లో స్వల్పకి హద్దు లేదు. నిండిపోయిన బస్సు సీటు కాడికి ఇంకొకాయన వచ్చి 'స్వల్ప అడ్జస్ట్ మాడి' అంటాడు. ఆ స్వల్పలో ఆయనా, ఆయన సూట్‌కేసూ, ఆయన పెండ్లామూ పడతారు."

ఆయనకు పొసగనిది ఇంగ్లీషు ఒక్కటే. "మనము పక్కన ఏదో ఒకటి పెట్టి చెప్తాము. గోరంత, గుమ్మడికాయంత. కన్నడంలో బెట్టదష్టు, అంటే కొండంత. పాపం ఇంగ్లీషోళ్లకి పక్కన పెట్టేదానికి ఏమీ దొరకలేదు, అక్షరాలు పెట్టుకున్నారు. ఎస్సు, ఎమ్ము, ఎల్లు. ఇంకా పెద్దగుంటే ఎక్స్! లెక్కల్లో తెలీనిదానికి కదమ్మా ఎక్స్ పెట్టేది?"

ఈ ధోరణితో వేగేది కోడలు రాధిక. కదిరి అమ్మాయి, బీకాం చదివింది, అంకె అంకెలాగే ఉండాలనే మనిషి. అత్త గంగమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాక, తెర వెనక కొలతలు తీసే పని రాధికకు వచ్చింది. ఆ పనితోపాటు అత్త టేపూ వచ్చింది. చూస్తే దాని మీద ఒక్క అంకె లేదు, అన్నీ అరిగిపోయాయి. రాధిక ఆ రోజే కొత్త పచ్చ టేపు కొనుక్కుంది. కొలత చీటీ మీద రాసి ఇస్తే పాపయ్య చూసుకుంటాడు, కత్తిరిస్తాడు, అంకె మాత్రం పెదవి దాటనివ్వడు.

"మామా, అంకె చెప్తే నీ నోరేమన్నా అరిగిపోతుందా?"

"అరగదు తల్లీ. రుచుండదు."

వేగడం ఒక ఎత్తు, జ్యోత్స్న పెళ్లి జాకెట్టు ఒక ఎత్తు.

జ్యోత్స్న కె.ఆర్.పురంలో స్కూలు టీచరు. తల్లి సారమ్మ నర్సు, వాళ్లది ఒంగోలు వైపు. నిశ్చితార్థం నాడు పెళ్లికొడుకు మేనత్త అమ్మాయిని పైనుంచి కిందిదాకా చూసి, "పిల్ల బంగారం. కాకపోతే ఎక్స్‌ట్రా లార్జ్ బంగారం" అన్నదట. అందరూ నవ్వారు. జ్యోత్స్న కూడా నవ్వింది. నవ్వి, మర్నాటి నుంచి అన్నం మానేసింది.

పెళ్లికి తెల్ల పట్టుచీర, దాని మీదికి జాకెట్టు. కొలత తీస్తుండగా పచ్చ టేపు మీద అంకె జ్యోత్స్న కంట పడనే పడింది. తెర తోసుకుని నేరుగా పాపయ్య దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఈ కొలతకి కుట్టొద్దు. పెళ్లి టైముకి నేను కచ్చితంగా తగ్గుతా. నాలుగు అంగుళాలు తగ్గించి కుట్టండి. ట్రయల్ కూడా వద్దు. ఆ రోజే వేసుకుంటా."

"అట్లనే తల్లీ" అన్నాడు పాపయ్య.

ఆ అమ్మాయి మెట్లు దిగాక రాధిక ఊరుకోలేదు. "మామా, ఆ పాప తగ్గకపోతే?"

"తగ్గతాదేమో."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే తగ్గలేదు అంటారు. ఇంకేమంటారమ్మా?"

పెళ్లి రోజు పొద్దున కొట్టు తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. సారమ్మ గొంతు గుసగుసలా ఉంది.

"పాపయ్యగారూ, హుక్కులు పడటం లేదండీ. అరచెయ్యంత ఎడం ఉంది. పిల్ల చర్చి పక్క గదిలో తలుపేసుకుని కూర్చుంది. బయట పాటలు మొదలెట్టేశారు."

"హుక్కు వంకర పోయుంటాది తల్లీ. వస్తాండాము."

రాధిక ఒళ్లు మండింది. అరచెయ్యంత ఎడానికి హుక్కు వంకరేమిటి! ఆటోలో కూర్చున్నాక సూదులు, దారాలు, కత్తెర ఒళ్లో పెట్టుకుని లెక్క వేసింది. పట్టు మీద ముత్యాల పని, దాని కింద లైనింగు. విప్పి మళ్లీ కుట్టాలంటే సగం పూట. పాస్టరుగారు సగం పూట ప్రార్థన చెప్పగలరా? చెప్పగలరేమో గానీ జనం కూర్చోవద్దూ.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. సారమ్మ దగ్గర నుంచి మెసేజి: "ఎక్కడిదాకా వచ్చారు?" రాధిక డ్రైవర్ని అడిగింది. ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఇన్ను స్వల్పనే మేడమ్" అన్నాడు. జీవితంలో మొదటిసారి రాధికకు స్వల్ప మీద అసహ్యం పుట్టింది.

మామూలుగా ఇలాంటి మాట వినబడితే పాపయ్య డ్రైవర్‌తో ఆ మాట మీదే ఊరు దాటేదాకా మాట్లాడతాడు. ఇవాళ మాట్లాడలేదు. అది చూసి రాధికకు నిజంగా భయం వేసింది. కాసేపటికి ఆయనే అడిగాడు.

"రాధికమ్మా, ఆ పాప ఏడస్తాంటాదా?"

"ఏడవకుండా ఏం చేస్తుంది మామా?"

ఆయన తొందరగా పొమ్మని డ్రైవర్ వైపు వంగి, "స్వల్ప బేగ హోగప్పా" అన్నాడు. ఆ స్వల్ప ఎంత పెద్దదో డ్రైవర్‌కు అర్థమైనట్టుంది, ఆటో ఫుట్‌పాత్ ఎక్కింది.

చర్చి పక్క గది ముందు పట్టుచీరలో పెళ్లికొడుకు మేనత్త కాపలా ఉంది. సారమ్మ ఆవిడ పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"ఏంటమ్మా ఈ ఆలస్యం? పాస్టరుగారు రెండోసారి కబురంపారు. జాకెట్టు పట్టలేదా ఏంటి? తియ్యండి తలుపు, నేను చూస్తా."

"హుక్కు ఒకటి వంకర పోయిందంట తల్లీ" అన్నాడు పాపయ్య. రాధిక చెవిలో మాత్రం, "జాకెట్టు నాకు బయటికియ్యి. ఒక్క చిటికె" అన్నాడు.

తలుపు రాధికకు మాత్రం తెరుచుకుని వెంటనే మూసుకుంది. లోపల జ్యోత్స్న కుర్చీలో కూర్చుని ఉంది. జాకెట్టు వీపున బార్లా తెరుచుకుని ఉంది. ముసుగు వస్త్రం బల్ల మీద, కాటుక బుగ్గ మీద.

"జాకెట్టు విప్పి ఇవ్వమ్మా, మామ బాగుచేస్తాడు."

"ఇవ్వను రాధికక్కా! ఆవిడ డోర్ దగ్గరే ఉంది కదా. చేతికి దొరికిందంటే చర్చి అంతా తిప్పి చూపిస్తుంది. రెండు నెలలు అన్నం ముట్టలేదక్కా నేను, ఒక్క ఇంచ్ తగ్గలేదు! నేను బయటికి రాను. పెళ్లి వాళ్లనే చేసుకోమనండి."

రాధిక తలుపు సందులోంచి, "మామా, బయటికి రాదు!" అంది. జాకెట్టో, పెళ్లికూతురో చెప్పలేదు. రెండూ నిజమే.

అవతల నుంచి పాపయ్య గొంతు తీరిగ్గా వినిపించింది.

"అమ్మా రాధికా, ఇంట్లో బియ్యం బస్తా మూతి ఎట్ల విప్పుతావు?"

"ఇప్పుడు బియ్యం బస్తా ఏంటయ్యా?" అంది మేనత్త.

"బిర్యానీకి తల్లీ. వంటాయన అడగమన్నాడు."

మామకు మతి పోయిందనుకుంది రాధిక. బియ్యం బస్తా మూతిని ఎవరు విప్పుతారు? కొస దొరికితే లాగడమే, సర్రున ఊడొస్తుంది... ఆమె గబుక్కున జ్యోత్స్న చెయ్యి పైకెత్తి, చంక కింద లైనింగు అంచు తిప్పి చూసింది. అక్కడ మామూలు కుట్టు లేదు. బస్తా మూతికి వేసే గొలుసు కుట్టు ఉంది, చక్కటి తెల్ల దారంతో. దాని వెనక మడతలో దాచిన గుడ్డ.

కొస పట్టుకుని లాగింది. సర్రుమనలేదు. ఇంటింటా బస్తా దగ్గర జరిగేదే జరిగింది, దారం బిగుసుకుపోయింది.

"మామా, బస్తా బిగుసుకుంది!"

"అది కింద కొస తల్లీ! లాగొద్దు! పైన చూడు, ఆవగింజంత ముడి ఉంటాది!"

చర్చిలో పాట అయిపోయి, మళ్లీ అదే పాట మొదటి నుంచి మొదలైంది. మేనత్త తలుపు మీద చెయ్యి వేసింది. పాపయ్య వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"తలుపుకి అడ్డమేంటయ్యా?"

"మోకాళ్లు తల్లీ. నిలబడలేకుండా ఉండాను."

ఆవగింజంత ముడి తెల్లటి పట్టు మీద తెల్లగా ఎక్కడుందో. రాధిక కుట్టు వెంట వేలితో తడుముకుంటూ పోయింది. గోటికి ఏదో తగిలింది. తెంపి లాగింది. సర్ర్ మని ఒక పక్క మొత్తం ఊడొచ్చింది. రెండో పక్క కూడా. ఊడిన కుట్టు అడుగున ఇంకో కుట్టు, గట్టిది, నీటుగా పూర్తిచేసింది. రాధిక చీటీ మీద రాసిన కొలతకు సరిగ్గా ఉంది, నూలు పోగంత తేడా లేదు.

"ఎంతొచ్చిందమ్మా? ఇత్తిరియా?" అని తలుపవతల నుంచి పాపయ్య ఆత్రంగా అరిచాడు.

"ఒత్తిరి మామా! ఒత్తిరి!"

"ఇదే భాషయ్యా?" అంది మేనత్త.

"హుక్కుల కంపెనీ పేర్లు తల్లీ."

హుక్కులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. జ్యోత్స్న ముందు నమ్మలేదు. ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది.

"అక్కా, ఎలా? ఏం చేశారు?"

అంకె రాధిక నాలుక కొసదాకా వచ్చింది. "హుక్కు వంకర పోయిందమ్మా. సరిచేసినాను" అంది.

తలుపు తెరుచుకుంది. జ్యోత్స్న బుగ్గ మీద కాటుక తుడుచుకుని, తల ఎత్తి, నిండుగా నడుచుకుంటూ వెళ్లింది. మేనత్త వెనక వైపు హుక్కులన్నీ ఒకసారి కళ్లతో లెక్కపెట్టి పక్కకు తప్పుకుంది.

పెళ్లి అయ్యేదాకా మామా కోడళ్లు చివరి బెంచీ మీద కూర్చున్నారు.

"ముందే చెప్పుంటే నా ప్రాణం సగం మిగిలేది కదా మామా!"

"చెప్తే నువ్వు ఆ పాపకి చెప్పేస్తావు. తగ్గుతాను అని అంత ఆశగా అనె కదా, నేను నమ్మలేదని తెలిసిపోతాది. తగ్గింటే ఆ పై కుట్టు అట్లే ఉండిపోవును, ఎవురికీ తెలీదు."

"మరి హుక్కు వంకర?"

"అందరికీ అదే చెప్తానమ్మా. 'ఇట్లియ్యి తల్లీ, హుక్కు వంకర పోయుండాది' అని తీసుకుంటాను, అట్ల తిరిగి దారం లాగి ఇచ్చేస్తాను. పాపం, వాళ్లు హుక్కుని తిట్టుకోని పోతారు. వాళ్లని వాళ్లు తిట్టుకోరు."

రాధికకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తను వచ్చినప్పటి నుంచీ ఆ కొట్టుకు ఎన్ని వంకర హుక్కులు వచ్చాయి!

"మామా! నేను హుక్కులాయనతో ఎన్నిసార్లు కొట్లాడినా! దొంగ సరుకు పంపిస్తావా అని! రెండు కంపెనీలు మార్చినా!"

"చాలు తల్లీ, వద్దు అని నేను అంటానే ఉంటిని" అన్నాడు పాపయ్య, పాటల పుస్తకంలోకి శ్రద్ధగా చూస్తూ. పుస్తకం తలకిందులుగా ఉంది.

భోజనాల దగ్గర మేనత్త వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో బిర్యానీ పళ్లెం, ముఖంలో కొత్త మర్యాద.

"ఏం కుట్టారండీ! పిల్ల ఒద్దికగా ఎంత బాగుందో! చర్చి అంతా ఆ జాకెట్టు గురించే. మా చిన్నోడి పెళ్లికి నాకూ ఒకటి కావాలి. కొలతలు ఇప్పుడే తీసుకోండి."

పక్క గదిలోకి తీసుకెళ్లి రాధిక పచ్చ టేపు తీసింది. మేనత్త పళ్లెం బల్ల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుంది. రాధిక టేపు చుట్టి అంకె చూసింది. మళ్లీ చూసింది. పెళ్లికూతురి అంకెను అది ఎప్పుడో దాటి చాలా దూరం ప్రయాణం చేసింది. నిశ్చితార్థం నాటి మాటకు వడ్డీతో సహా జవాబు ఆ టేపు మీదే ఉంది. నోరు తెరిస్తే చాలు.

మేనత్త ఒక కన్ను కొంచెం తెరిచింది. గొంతులో ఇందాకటి అధికారం ఎక్కడికి పోయిందో, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లలా ఉంది.

"ఎంతొచ్చిందమ్మాయ్?"

రాధిక టేపును గుప్పిట్లో చుట్టేసింది.

"మీ అంతే వచ్చింది ఆంటీ."

"అంతేనా!" అని మేనత్త బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలేసి, పళ్లెం తీసుకుని రెండో విడత బిర్యానీకి వెళ్లింది.