మేస్త్రి ఇంట్లో కొత్త డబ్బా

ఆ ఇంటికి కొత్త రంగు డబ్బా ఎప్పుడూ రాలేదు. వచ్చినవన్నీ అడుగు డబ్బాలే.

మేస్త్రి ఊరందరి గోడలకూ రంగులు వేసినవాడు. పని ముగిశాక ఇంటివాళ్లు, “ఈ కాస్త మేమేం చేసుకుంటాం, నువ్వే పట్టుకుపో” అనేవాళ్లు. పట్టుకొచ్చి మెట్ల కింద పేర్చేవాడు. ఒక గోడకు సరిపడా పోగైతే ఆ గోడకు వేసేవాడు. చాలకపోతే చాలినంత మేరకే. పడగ్గదిలో బీరువా వెనక గోడకు ఇప్పటికీ రంగు లేదు. బీరువా ఉండగా రంగెందుకని ఆయన వాదన.

ఆయన భార్యను అందరూ మేస్త్రమ్మ అంటారు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని కిటికీ తెరలు కుడుతుంది. ఆమె వంటగదికి మొదట వచ్చింది పళ్ల డాక్టరు గదిలో మిగిలిన లేతాకుపచ్చ. పొయ్యి ముందు నిలబడ్డప్పుడల్లా ఆమెకు దవడ సలిపినట్టుండేది. స్నానాల గదికి బ్యాంకు నీలం వచ్చింది. అందులో నీళ్లు పోసుకుంటుంటే వెనకాల ఎవరో వరసలో నిలబడి ఉన్నట్టే అనిపించేది. ఇవన్నీ ఆమె నవ్వుతూనే చెప్పేది. “దీపం కింద చీకటి మామూలే కదా” అని తనే అనేది.

నవ్వు పోయింది ఒక మధ్యాహ్నం. బడి హెడ్మాస్టరమ్మ తెరలు కుట్టించుకోవడానికి వచ్చి, మంచినీళ్లు అడిగి, మాట్లాడుతూ మాట్లాడుతూ వంటగది గుమ్మం దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

“అరె, ఇది మా పడగ్గది రంగు కదూ!”

నిజమే. ఆకుపచ్చ మీద మేస్త్రి వేసింది ఆవిడింట్లో మిగిలిన రంగే. పండిన జామకాయ లోపలి రంగు. ఆవిడే తీసుకుపొమ్మంది. ఆవిడ మనసులో ఏమీ లేదు. గోడ మీద చేత్తో నిమిరి, “మా ఇంట్లో కన్నా ఇక్కడే బాగుంది” అని కూడా అంది. మేస్త్రమ్మ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. ఎవరి చీరో కట్టుకుని పేరంటానికి వెళితే, ఆ చీర తాలూకు మనిషి ఎదురుపడినట్టయింది.

ఆ మాట మొగుడికి చెబితే, “మంచిదేగా, మెచ్చుకుంది” అన్నాడు. ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఈమధ్య మేస్త్రికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. నిచ్చెన దిగాడు, పని మానేశాడు. మానేసిన కొన్నాళ్లకే వంటగదికీ స్నానాల గదికీ మధ్య గోడలో గొట్టం కారింది. ప్లంబరు వచ్చి గోడ రెండు వైపులా పగలగొట్టి, గొట్టం మార్చి, సిమెంటు పూసి పోయాడు. రెండు గదుల్లోనూ గాయానికి కట్టు కట్టినట్టు బూడిదరంగు మచ్చలు మిగిలాయి.

గోడ ఆరేదాకా ఆగారు. ఆరాక మేస్త్రి మెట్ల కింద దూరి డబ్బాలు కదిపి చూశాడు. కొన్ని పలికాయి. కొన్ని రాయిలా ఉన్నాయి.

“స్నానాల గదికి ఎట్లాగో సరిపెట్టొచ్చు,” అన్నాడు. “వంటగదికి చాలవు.”

“అయితే కొనండి.”

ఆయన ఆ మాట కొత్త భాషలో విన్నట్టు చూశాడు.

“నాకు నచ్చింది కొనండి,” అంది ఆమె.

ఇద్దరూ కలిసి వెళ్లారు. రంగుల కొట్టాయన మేస్త్రిని చూడగానే, “ఈసారి ఎవరిల్లు?” అన్నాడు.

“మాదే.”

“పొద్దున్నే నేనే దొరికానా!” అని నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపి, రంగుల కార్డు తెచ్చి బల్ల మీద మడతలు విప్పాడు. విప్పుతూనే ఉన్నాడు.

ఆమె ఒక లేత పసుపు మీద వేలు పెట్టింది. “ఇది ఎక్కడైనా వేశారా?”

“ఓ! లాయరుగారి వరండా. ఎండ పడితే చూడాలి దాన్ని.”

వేలు జరిగింది. “ఇది?”

“మందులషాపాయన కూతురి గది. తలుపులకు తెల్ల ఎనామిల్.”

“ఇది?”

“అది ఇద్దరిళ్లలో వేశా. అన్నదమ్ములు. ఒకరికి తెలీకుండా ఒకరు ఎంచుకున్నారు. ఇప్పుడు మాటల్లేవు.”

కొట్టాయన పగలబడి నవ్వాడు. మేస్త్రి ముఖం వెలిగిపోతోంది. ఏ రంగు చూపించినా ఒక ఇల్లు చెబుతున్నాడు. ఆయన బతుకంతా ఆ కార్డులోనే ఉంది. ఆమెకు కావలసింది మాత్రం ఆ కార్డులో కనబడటం లేదు. ఎవరు వచ్చి చూసినా ‘ఇది మాది’ అనలేని రంగు. అంతే.

చివరి మడత దగ్గర వేలు ఆగింది. “మరి ఇది?”

“అది తెలుపు.”

“కళ్లున్నాయి. ఎవరిల్లు?”

మేస్త్రి ఆలోచించాడు. “తెలుపుకి ఇల్లేమిటి? అందరి సీలింగూ అదే. ఎవరిదని చెబుతాం?”

“అయితే ఇదే.”

“వంటగదికి తెలుపా! నూనె చిట్లిందంటే పులిపిర్లు లేచినట్టుంటుంది. నా మాట విను, ఏదన్నా కాస్త ముదురు...”

“నాకిదే కావాలి.”

“తుడిస్తే పోయే రకం ఉందమ్మా,” అన్నాడు కొట్టాయన. “సబ్బు నీళ్లు పెట్టి రుద్దినా రంగు చెదరదు. మరి బాత్రూముకో? తడికి ఉబ్బనిది కొత్తగా వచ్చింది.”

“దానికి అక్కర్లేదు,” అన్నాడు మేస్త్రి గబగబా. “వంటగది ఆవిడది. బాత్రూము నాది.”

సంగతి ఆడపడుచు చెవిన పడింది. పక్క వీధే కాపురం. ఊరుకోలేక వచ్చింది.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా! ఇన్ని రంగులుండగా తెలుపేంటి వదినా? వంట చేస్తావా, ఆపరేషన్లు చేస్తావా?”

“నువ్వు రా, మొదట నీకే చేస్తా. నాలుక కాస్త పొడుగుంది.”

“చూశావా అన్నయ్యా!”

మేస్త్రి చూడలేదు. గోడకు లప్పం పట్టించి, ఆరాక గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఎడం చేత్తో.

మర్నాడు ఉదయం డబ్బా మూత తీశాడు. కొత్త డబ్బాలో పైదాకా నిండుగా, ముడతలేని తెలుపు. ఇద్దరూ వంగి కాసేపు చూశారు. ఆ ఇంటికి తెలుపు రాలేదని కాదు. వచ్చిందంటే దానికి ఒకటే పని, పక్క డబ్బాను సాగదీయడం. ఆకుపచ్చ చాలకపోతే అందులో పోసేవాడు, నీలం చాలకపోతే అందులో. తెలుపు తెలుపుగా ఏ గోడా ఎక్కలేదు.

మేస్త్రి చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్లి, చిన్న నీలం సీసాతో బయటికి వచ్చింది.

“అదెందుకు?”

“ఒక్క చుక్క. లేకపోతే తెలుపు పసుపుపచ్చగా కొడుతుంది. అందరికీ వేస్తాను. ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుస్తుంది.”

“మంచికే చెబుతున్నానే.”

“ఎప్పుడూ మంచికే కలిపారు. ఈ ఒక్కదాంట్లో ఏమీ కలపొద్దు.”

గొంతు పెద్దది కాలేదు. చెయ్యి మాత్రం డబ్బా అంచు మీద ఉంది. మేస్త్రి ఆ చెయ్యిని చూశాడు. సీసా బిరడా బిగించి సంచిలో వేశాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుని, ఇన్నాళ్లూ ఎందరిళ్లలోనో నిలబడినట్టే గుమ్మం పక్కన ఒద్దికగా నిలబడ్డాడు.

“అమ్మగారూ, మొదలుపెట్టమంటారా?”

ఎగతాళేమోనని చూసింది. కాదు.

“పెట్టండి,” అంది.

మొదటి కోటుకు జామరంగు లోపలి నుంచి తొంగిచూసింది. రెండో కోటుకు తగ్గింది. భుజం ఎత్తు దాటాక మేస్త్రి ఆగిపోయాడు. ఆమె స్టూలెక్కి రోలరు అందుకుంది. “అటూ ఇటూ కాదు, పైనుంచి కిందికి” అని ఆయన కింద నుంచి చెబుతూనే ఉన్నాడు. మూడో కోటు ఆరాక చూస్తే, ఆయన చెప్పినట్టే గోడ రవంత పచ్చగా కొట్టింది. పైన ఆమె రోలరు చారలు.

స్నానాల గది మేస్త్రి ఒక్కడే చేసుకున్నాడు. మెట్ల కింద డబ్బాలన్నీ వడగట్టి ఒక బకెట్లో కలిపాడు. వచ్చిన రంగుకు ఆయన దగ్గర కూడా పేరు లేదు. కలుపుతున్నంతసేపూ ఈలవేశాడు. సాయంత్రానికి ఖాళీ బకెట్‌తో వంటగది గుమ్మంలోకి వచ్చాడు.

“తలుపు వెనక గోడకి చాలట్లేదు. నీ డబ్బా అడుగున కాస్త ఉంది చూడు. పోశామంటే సాగుతుంది.”

ఆమె డబ్బాకు మూత పెట్టింది. అప్పడాల కర్రతో చుట్టూ కొట్టి బిగించింది. ఎత్తి పై అరలో పెట్టింది.

“అది మరకలు పడితే దిద్దుకోవడానికి. మీ అమ్మగార్లలో కొందరు ఉంచుకోరూ?”

మేస్త్రి అర వంక చూశాడు. ఖాళీ బకెట్ వంక చూశాడు. బ్రష్షు కడుక్కోవడానికి వెళ్లాడు.

మరునాడు ఆడపడుచు అంతా తిరిగి చూసి, స్నానాల గది తలుపు వెనక బూడిదరంగు సిమెంటు పట్టుకుంది.

“ఇదేంటన్నయ్యా, సగంలో వదిలేశావ్!”

“ఏం చెయ్యను,” అన్నాడు మేస్త్రి. “ఆ ఇంటావిడ మిగిలింది ఇవ్వలేదు.”