ఒకే మేకుకు రెండు బిళ్లలు

కోరుట్ల నుంచి రుద్రంగికి కోడలిగా వచ్చిన లావణ్యకు ఆ ఇంటివాళ్ల పొలంలో అన్నిటికన్నా వింతగా కనిపించింది ఒక గుంజ. బావి ఒడ్డున పాతిన ఆ వేపగుంజకు వరుసగా మేకులు కొట్టి ఉన్నాయి. అన్నీ ఖాళీ. ఒక్క మేకుకు మాత్రం రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా, తుప్పు పట్టిన రేకు బిళ్ల వేలాడుతోంది. అది ఎందుకుందో తెలియక తీసి చూడబోయింది.

“గది ముట్టకు బిడ్డా,” అంది అత్త పోచవ్వ. “గది మీ మామది. ఎవల బిళ్ల వాళ్లే తియ్యాలె.”

మామ రాజలింగు అప్పటికే చనిపోయాడు. చనిపోయిన మనిషి వచ్చి బిళ్ల ఎలా తీస్తాడని లావణ్య అడగలేదు. పదో తరగతిలో బడి మానేసిన నాటి నుంచి ఆమెకు అడగడం తగ్గి, చూడడం ఎక్కువైంది. పసుపు చేలో కలుపు తీస్తున్నప్పుడు, మక్క కంకులు ఒలుస్తున్నప్పుడు అత్త నోటి వెంట అప్పుడో మాట, ఇప్పుడో మాట జారేది. వాటిని ఏరుకుంటూ పోతే ఆ ఇంటి కథంతా తెలిసింది.

పెళ్లినాటికి ఆ ఇద్దరికీ అరచేతంత భూమి లేదు. రాజలింగుకు గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలో పని దొరికింది. భార్యను కూడా రమ్మన్నాడు. పోచవ్వ పోలేదు. ఇద్దరం పోతే ఇక్కడ భూమి ఎవరు సంపాదిస్తారని ఊళ్లోనే ఆగిపోయి కూలికి పోయింది. అతను పంపిన డబ్బుతో, ఎవరికీ అక్కర్లేని రాళ్ల చెలకను ముక్క ముక్కగా కొన్నది. అతనికి సెలవు దొరికితే జగిత్యాల మీదుగా బస్సులు మారి వచ్చేవాడు. వచ్చినవాడికి విశ్రాంతి లేదు. ఏ రాయి పగలాలో ఆమె ముందే చూసి పెట్టుకునేది.

ఈ బావి కూడా వాళ్లు సెలవు రోజుల్లో తవ్వుకున్నదే. అతను గడ్డపారతో తవ్వితే ఆమె గంప ఎత్తింది. ఆమెను లోపలికి దించే ముందు రాజలింగు ఎక్కడైనా రాయి వదులైందేమోనని గడ్డపార మొనతో చుట్టూ గోడను తట్టి, చెవి పెట్టి వినేవాడట. భూమి లోపల ఒకరు, భూమి పైన ఒకరుగా బతుకంతా గడిపిన మనుషులు ఈ బావిలోనే కలిసి పని చేశారు. లావణ్య ఒడ్డున నిలబడి లోపలికి చూసినప్పుడల్లా, ఇంత రాతిని రెండు జతల చేతులే తోడాయా అని ఒళ్లు జలదరించేది.

బిళ్లల సంగతి బొగ్గుబాయి నుంచి వచ్చింది. అక్కడ కిందికి దిగే ప్రతి మనిషీ పైన తన బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల వెనక్కి తీసుకుంటాడు. ఒకసారి కప్పు కూలి దుమ్ము కమ్మేసింది. అందరూ పైకి వచ్చేశారనుకున్నారు. బిళ్లలు తగిలించే పలకకు మాత్రం ఒక బిళ్ల మిగిలింది. అది రాజలింగుది. మళ్లీ దిగి, బండ వెనక చిక్కుకున్న అతన్ని ప్రాణాలతో తీశారు. భయం కాలేదా అని పోచవ్వ అడిగితే అతను ఒకే మాట అన్నాడట.

“బిళ్ల పైన ఉన్నది గద, వస్తరనుకున్న.”

ఆ తర్వాత సెలవుకు వచ్చినప్పుడు నూనె డబ్బా రేకు కోసి బిళ్లలు చేసి ఈ గుంజ పాతాడు. బావిలోకి ఎవరు దిగినా బిళ్ల తగిలించాలి, పైకి వచ్చాక తన చేత్తో తానే తీసుకోవాలి. కూలికి వచ్చే యాదగిరికి ఇది పెద్ద నవ్వులాట. “గిది నీ బాయా, సర్కారు ఆఫీసా పోచవ్వా? హాజరు ఏపిస్తున్నవు,” అనేవాడు. అంటూనే తగిలించేవాడు.

రాజలింగు పోయిన రోజు కూడా అతని బిళ్ల గుంజకే ఉంది. పొద్దున బావిలోకి దిగి పైకి వచ్చాడు, కానీ బిళ్ల తీసుకోకముందే ఒడ్డునే కూలబడ్డాడు. పోచవ్వ దాన్ని ముట్టలేదు, ముట్టనివ్వలేదు. ఆనాటి నుంచి తాను బావిలోకి దిగేటప్పుడు తన బిళ్లను కూడా ఆయన మేకుకే, ఆయన బిళ్ల మీదనే తగిలించేది.

ఈ ఎండాకాలం బావి పూడిక తీయడానికి జగిత్యాల నుంచి క్రేను తెప్పించారు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల మీద పనిచేసే లావణ్య భర్త జైపాల్ సెలవు పెట్టి వచ్చాడు. పాత మెట్లు విరిగిపోయాయి కాబట్టి ఎక్కాలన్నా దిగాలన్నా క్రేను తొట్టే దారి. మట్టి ఎంత తీసినా, ఊట దగ్గరి చివరి బురదను ఇంటి ఇల్లాలు చేత్తో తీసి పసుపు పెట్టాలనేది పోచవ్వ పట్టు. ఊట గోడ అడుగున, మనిషి వంగి దూరేంత బొరియలో ఉంది. మగవాళ్లు పని చేస్తుండగానే ఆమె అందులోకి దూరింది.

అంతలో ఆకాశం నల్లబడి గాలిదుమారం లేచింది. లోపలివాళ్లు రెండు విడతలుగా తొట్టెక్కి వచ్చేశారు. పోచవ్వ తర్వాతి విడతలో వస్తుందని ముందువాళ్లు అనుకున్నారు. ముందే ఎక్కిందని వెనకవాళ్లు అనుకున్నారు. ఎవరి బిళ్లలు వాళ్లు తీసుకున్నారు. జైపాల్ అలవాటుగా గుంజ వైపు చూశాడు. తండ్రి బిళ్ల ఒక్కటే ఉంది, ఎప్పటిలాగే. తల్లి బర్రెను విప్పుకురావడానికి పోయి ఉంటుందనుకుని, క్రేను మడిచెయ్యమని డ్రైవరుకు చెప్పాడు.

గుంజ పక్కన సద్ది గిన్నెల మీద గోనెసంచి కప్పుతున్న లావణ్యకు చిన్న చప్పుడు వినిపించింది. టింగు. మళ్లీ టింగు. ఇన్ని నెలలుగా ఎంత గాలి వచ్చినా ఆ బిళ్ల మోగడం ఆమె వినలేదు. ఒంటరి రేకు దేనికి తగిలి మోగుతుంది? దగ్గరికి పోయి చూసింది. ఒకే డబ్బా రేకు, ఒకే తుప్పు, ఒకదాని మీద ఒకటి. రెండు.

పెళ్లయ్యాక నలుగురిలో ఆమె గొంతెత్తింది లేదు. ఇప్పుడు క్రేను మోతను మించి వచ్చింది.

“అత్తమ్మ బాయిలనే ఉన్నది.”

తొట్టిని మళ్లీ బావి మీదికి తెచ్చారు. దాంట్లోకి దూకబోతూ కూడా జైపాల్ చెయ్యి తన బిళ్లను పక్క మేకుకు తగిలించింది. వాన మొదలైంది. తల్లిని పొదివి పట్టుకుని అతను ఒడ్డు చేరాడు. ఇద్దరూ ఇంకా తొట్టిలోంచి దిగుతుండగానే ఒడ్డున పోసిన పూడిక కుప్ప తడిసి బావిలోకి జారింది. ఊట బొరియ కనబడకుండా పోయింది. యాదగిరి కూడా నవ్వులాట మరిచాడు.

లావణ్య అత్త చేతుల బురదను తన కొంగుతో తుడిచింది. తొట్టి తనను వదిలి పైకి పోతుంటే భయం కాలేదా అని మెల్లగా అడిగింది.

“ఎందుకు బిడ్డా? బిళ్ల పైన ఉన్నది గద,” అంది పోచవ్వ.

లావణ్య తుడవడం ఆపేసింది. అవి మామ అన్న మాటలు. బండ వెనక చీకట్లో ఒకరు, ఊట బొరియలో ఒకరు, ఒకే నమ్మకంతో కూర్చున్నారు.

తల్లి బిళ్లకు రేపే వేరే మేకు కొడతానన్నాడు జైపాల్, మళ్లీ ఇలాంటి పొరపాటు జరగకుండా.

“వద్దు. గాడనే ఉండనియ్యి. చప్పుడు ఇనే మనిషి ఇంట్లకు అచ్చింది గద,” అంది పోచవ్వ.

లేచి పోయి గుంజ దగ్గర తన బిళ్ల తాను తీసుకుంది. గాలి ఇంకా తగ్గలేదు. మామ బిళ్ల ఆ గాలికి ఊగుతూనే ఉంది, చప్పుడు లేకుండా.